వెనక పేజీ నుంచి మొదలైన నోటుబుక్కు

నాకు పదకొండేళ్ల వయసులో యుద్ధాల పిచ్చి ఉండేది. ఆయుధాల పిచ్చి అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది. రెండు వందల పేజీల రూళ్ల నోటుబుక్కు ఒకటి పెట్టుకుని, గ్రంథాలయంలోని విజ్ఞాన సర్వస్వాలు ముందేసుకుని, ట్యాంకులనూ బాంబరు విమానాలనూ యుద్ధనౌకలనూ పెన్సిలుతో దించుకునేవాడిని. ఒక్కొక్క బొమ్మ కింద దాని బరువెంత, వేగమెంత, దాని గుండు ఎంత దూరం పోతుంది, దాన్ని నడపడానికి ఎంతమంది కావాలి అన్న వివరాలను ఎర్ర సిరాతో రాసుకునేవాడిని. ఏది ఎంత పెద్దదైతే నా లెక్కలో అది అంత గొప్పది. అందుకే షార్ బి1 బిస్ అనే ఫ్రెంచి ట్యాంకుకు ఆ పుస్తకంలో ఏకంగా రెండు పేజీలు దక్కాయి. ముప్ఫై టన్నుల బరువు, 60 మిల్లీమీటర్ల మందాన ఉక్కు కవచం, పొట్టలో ఒక ఫిరంగి, తల మీద ఇంకొకటి. అటువంటి ట్యాంకులు చేతిలో పెట్టుకుని 1940లో ఫ్రాన్సు ఆరు వారాల్లో ఎలా ఓడిపోయిందో నాకు ఎంత ఆలోచించినా అంతుపట్టేది కాదు.

ఒక వేసవి సెలవుల్లో ఆ నోటుబుక్కు పెదనాన్నగారి కంటబడింది. ఆయన రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో ఫిరంగి దళంలో పనిచేశారు. ఫిరంగిని పేల్చే పని కాదు, గుండు ఎక్కడ పడాలో లెక్క కట్టే పని. ఇంట్లో ఎవరైనా యుద్ధం గురించి అడిగితే ముక్తసరిగా రెండు మాటలు చెప్పి లేచిపోయే మనిషి, నా పుస్తకం మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఓపికగా తిప్పి, ఒక ఫిరంగి బొమ్మ దగ్గర ఆగారు.

"పేల్చాక ఇది ఎక్కడికి పోతుందిరా?"

"గుండా, పెదనాన్నా?"

"గుండు కాదు, ఫిరంగి."

ఫిరంగి ఎక్కడికీ పోదన్నాను. ఆయన నవ్వలేదు. సైకిలు పంపు పట్టుకు రమ్మన్నారు. పంపు మూతిని తన బొటనవేలితో గట్టిగా మూసి, పిడిని నన్ను నొక్కమన్నారు. అది సగం దాకా దిగి మొరాయించింది. నేను చెయ్యి తీయగానే లోపల నలిగిన గాలి దాన్ని దానంతట అదే పైకి తోసింది. ఈసారి వేలు కాస్త సడలించి మళ్లీ నొక్కమన్నారు. సన్నటి సందులోంచి గాలి బుసకొడుతూ పోతుంటే, నేను ఎంత బలంగా నొక్కినా పిడి తన తీరున నిదానంగా దిగింది. "మొదటిది వెనక్కి వచ్చిన గొట్టాన్ని తిరిగి ముందుకు నెట్టేది. రెండోది దాని దూకుడును చంపేది. ఈ రెండింటినీ ఫిరంగి గొట్టం కింద అమర్చినవాళ్లు యుద్ధాన్ని మార్చేశారు. నువ్వు గొట్టాన్ని చక్కగా గీశావు గానీ దీన్ని గీయలేదు," అన్నారు.

ఆయన చెప్పింది 1897లో ఫ్రాన్సు తయారుచేసిన 75 మిల్లీమీటర్ల ఫిరంగి గురించి. అంతకు ముందు వరకు ఫిరంగి పేలిన ప్రతిసారీ మొత్తం బండితో సహా వెనక్కి దూకేది. సిపాయిలు దాన్ని తిరిగి చోటుకు తోసి, గురిని మళ్లీ మొదటి నుంచి సరిచూసుకోవలసి వచ్చేది. కొత్త ఫిరంగిలో బండి కదలదు. గొట్టం ఒక్కటే వెనక్కి జారి, నూనె, గాలి నింపిన గొట్టాల మీద తన ఊపును ఖర్చు పెట్టుకుని, మళ్లీ ఉన్న చోటికే వచ్చి ఆగుతుంది. గురి చెదరదు కాబట్టి నిమిషానికి పదిహేను గుండ్లు పేల్చవచ్చు. చూడడానికి ఇది పని త్వరగా జరిగే ఏర్పాటు మాత్రమే. అయితే ఆ త్వర వల్ల గుండ్లు వేలు దాటి లక్షల్లోకి వెళ్లాయి, గుండ్లు లక్షల్లోకి వెళ్లేసరికి కర్మాగారాలు కూడా యుద్ధరంగంలో భాగమయ్యాయి, ఆకాశం నుంచి ఇనుము కురుస్తుంటే నిలబడి పోరాడడం కుదరక సైన్యాలు నేలను తవ్వుకుని అందులోకి దిగిపోయాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో పశ్చిమ రంగాన చచ్చినవారిలో సగానికి పైగా ఫిరంగి గుండ్లకే పోయారు. బాయినెట్లు, కత్తులు బొమ్మల్లో ఎంత కనిపించినా వాటి పాలు చాలా స్వల్పం.

ఆ సాయంత్రం ఆయన నా నోటుబుక్కును తిరగేసి, ఆఖరి పేజీని మొదటి పేజీ చేశారు. "ముందు వైపు నీ ఇష్టం వచ్చినవి గీసుకో. ఈ వైపు మాత్రం నేను చెప్పినవే రాయాలి," అన్నది షరతు. వెనక వైపు రాతకు ఆయన పెట్టిన నియమం ఒక్కటే: ఒక మనిషి ఒంటి చేత్తో ఎత్తగలిగినది అయి ఉండాలి, అది లేకపోతే ముందు వైపున్న పెద్ద ఆయుధం ఎందుకూ కొరగానిది అయి ఉండాలి. సెలవులు గడిచేసరికి అటు నుంచి ఇరవై పేజీల దాకా నిండాయి. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

మొదటి పేజీలో ఉన్నది సీసపు గుళిక. లోపల మెలికలు తిరిగిన గాళ్లు ఉన్న తుపాకీ గొట్టం నుంచి వచ్చే గుండు తిన్నగా, దూరంగా పోతుందని ఎప్పటి నుంచో తెలుసు. చిక్కల్లా ఆ గాళ్లను ఒరుసుకునేంత బిగుతైన గుండును మూతి లోంచి సుత్తితో కొట్టి దింపవలసి రావడమే. శత్రువు మీదికి వస్తుంటే అంత తీరిక ఎవరికి ఉంటుంది? 1849లో మినియే అనే ఫ్రెంచి సైనికాధికారి గొట్టం కంటే కాస్త సన్నగా ఉండి, అడుగున గుల్లగా ఉన్న గుళికను తయారుచేశాడు. మూతిలో వేస్తే అది సులభంగా జారిపోతుంది. మందు పేలినప్పుడు అడుగు భాగం ఉబ్బి గాళ్లను పట్టుకుంటుంది. వంద మీటర్లు దాటితే గురి అన్న మాటే లేని సిపాయి, మూడు వందల మీటర్ల అవతలి మనిషిని కొట్టగలిగాడు. కానీ సేనాపతుల బుర్రలు మాత్రం పాత దూరాలనే కొలుస్తూ ఉండిపోయాయి. అమెరికా అంతర్యుద్ధంలో, 1863 జులై 3న గెటిస్‌బర్గ్ దగ్గర పన్నెండు వేల మందికి పైగా సైనికులు బారులు తీరి, కిలోమీటరుకు పైగా ఉన్న బయలును నడుచుకుంటూ దాటబోయారు. ఫిరంగులూ ఈ గుళికలూ కలిసి వారిలో సగం మందిని నేలకూల్చాయి.

రెండో పేజీలో తుపాకీ వెనక భాగాన ఉండే గడియ. ప్రష్యా సైనికుల దగ్గరున్న డ్రైజె తుపాకీలో మందును మూతి నుంచి కాక వెనక నుంచి నింపేవారు. దూరం విషయంలో అది ఆస్ట్రియా తుపాకీకి తీసికట్టే. అయినా 1866 జులై 3న కోనిగ్రాట్జ్ యుద్ధంలో ప్రష్యా గెలిచింది. మూతి నుంచి నింపే తుపాకీ ఉన్నవాడు నిలబడి నింపుకోవాలి. వెనక నుంచి నింపేవాడు బోర్లా పడుకునే నింపుకోగలడు, అటువాడు ఒకటి పేల్చేలోగా నాలుగైదు పేల్చగలడు. "పడుకున్నవాడికీ నిలబడ్డవాడికీ మధ్య జరిగిన యుద్ధమది," అని పెదనాన్నగారు అన్న మాటను నేను అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాను. ఆనాటి గెలుపులో రైళ్లకూ టెలిగ్రాఫుకూ ఎంత వాటా ఉందో నేను పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. ఆయన వాదన కొంచెం ఒంటికంటిదే. కానీ ఆ ఒంటికన్ను నాకు చూపించిన వాటిని రెండు కళ్లున్న పుస్తకాలు చూపించలేదు.

హైదరలీ, టిప్పు సుల్తానుల రాకెట్లకు కూడా ఆ వరసలో ఒక పేజీ ఉంది. బాణసంచా రాకెట్లు అప్పటికే శతాబ్దాల నాటివి. మైసూరు వాళ్లు చేసిందల్లా కాగితం గొట్టం బదులు ఇనుప గొట్టం వాడడం. ఇనుము ఎక్కువ ఒత్తిడికి తట్టుకుంటుంది కాబట్టి మందును గట్టిగా దట్టించవచ్చు, రాకెట్టు చాలా దూరం వెళుతుంది. 1780లో పొల్లిలూరు దగ్గర వాటి రుచి చూసిన ఆంగ్లేయులు, తర్వాత నమూనాలను లండను తీసుకుపోయి పరీక్షించారు. కాంగ్రీవ్ అనే ఆంగ్లేయుడు తన రాకెట్లను రూపొందించింది వాటిని చూసే. 1807లో కోపెన్‌హేగెన్ నగరం మీద కురిసినవి అవే.

ఇక ఆయన సొంత పని సంగతి. ఎడారిలో వారి దగ్గరున్నవి 25 పౌండ్ల గుండు వేసే ఫిరంగులు. వాటి గుండు 12 కిలోమీటర్ల దాకా పోతుంది. అంత దూరాన ఏముందో ఫిరంగి దగ్గరున్నవాళ్లకు కనిపించదు. ముందుకు వెళ్లి ఏ దిబ్బ చాటునో నక్కి చూసే అధికారి ఒకరు, ఆయన చెప్పిన అంకెలను మోసుకొచ్చే తీగ ఒకటి, ఆ అంకెలను కోణాలుగా మార్చే మా పెదనాన్నగారి వంటివారు కొందరు. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరు తప్పినా గుండు మనవాళ్ల నెత్తినే పడవచ్చు. గుండు గాలిలో అర నిమిషం పైగా ప్రయాణిస్తుంది. అంతసేపట్లో పై గాలి దాన్ని పక్కకు నెడుతుంది. ఎండకు కాగిన మందు ఎక్కువ బలంతో మండుతుంది, రాత్రి చలికి చల్లబడిన మందు తక్కువ బలంతో మండుతుంది. వందల గుండ్లు పేల్చిన గొట్టం లోపల అరిగి, గుండు కొంచెం నెమ్మదిగా బయలుదేరుతుంది. ఇవన్నీ పట్టికల్లో చూసి, కూడి, తీసివేసి, స్లైడ్ రూలు అనే లెక్కల కొలబద్ద పలకను జరిపి, ఒక అంకె తేల్చి అరవాలి.

ఆ స్లైడ్ రూలు ఆయన వెంట ఇంటికి వచ్చింది. తెల్లటి పూత పసుపు పచ్చబడి, మధ్య పలక గాడిలో చిక్కిన ఇసుక వల్ల జరిపినప్పుడల్లా గరగరమనేది. దానితో గుణించడం నేర్పుతూ ఆయన ఒకసారి అన్నారు: "నేను నాలుగేళ్లు యుద్ధం చేశాను. శత్రువును చూసింది మాత్రం ఖైదీలుగా పట్టుకొచ్చినప్పుడే." ఆ మాట ఆయన గర్వంగానూ అనలేదు, బాధగానూ అనలేదు, గుణకారం ఎక్కడ ఆపామో వెతుక్కుంటూ అన్నారు. చంపినవాడూ చచ్చినవాడూ ఒకరినొకరు చూసుకోవడమన్నది లేకుండా పోవడం ఈనాటి డ్రోన్లతో మొదలైందని ఎవరైనా అంటే, నాకు ఆ గరగర గుర్తుకొస్తుంది.

తీగ గురించి ఆయన చెప్పింది మూడు పేజీలు వచ్చింది. ఫీల్డ్ టెలిఫోను తీగను నేల మీదే పరిచేవారు. సొంత బళ్లే దాన్ని తొక్కేవి, గుండ్లు తెంపేవి. తెగిన ప్రతిసారీ సిగ్నల్ జవాను ఒకడు బయలుదేరి, చీకట్లో తీగను అరచేతిలో వదులుగా పట్టుకుని, అది చేతిలోంచి జారిపోతుండగా తెగిన కొన దొరికే దాకా పరుగెత్తాలి. రెండో కొనను వెతికి, ముడివేసి, టెలిఫోను తగిలించి పలికి చూసుకుని వెనక్కి రావాలి. ఒకే రాత్రి ఒకే తీగకు ఏడెనిమిది సార్లు వెళ్లినవాళ్లున్నారట. అందరూ తిరిగి వచ్చారా అని నేను అడగలేదు. అడగకూడదని ఆ వయసుకే తెలిసింది.

తీగ తెగితే ఏమవుతుందో చెప్పడానికి ఆయన ఎన్నుకున్న ఉదాహరణ తన యుద్ధం లోది కాదు, మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916 జులై 1న ఫ్రాన్సులోని సోమ్ నది ఒడ్డున జరిగినది. ఆ పేజీ శీర్షిక "చేతి గడియారం". అంతకు ముందు మగవాళ్లు గడియారాన్ని జేబులో పెట్టుకునేవారు. మణికట్టుకు కట్టుకునేది ఆడవాళ్ల అలంకారమన్న భావన ఉండేది. కందకాల్లో రెండు చేతులకూ పనిబడడంతో గడియారం మణికట్టు మీదికి ఎక్కి, యుద్ధం తర్వాత అక్కడే ఉండిపోయింది. సోమ్ దగ్గర వారం రోజుల పాటు పదిహేను లక్షల దాకా గుండ్లు కురిపించాక, ఉదయం 7.30కి అందరూ గడియారాలు చూసుకుని ఒక్కసారిగా కందకాలు దాటారు. ఫిరంగులు కూడా గడియారం ప్రకారమే, పదాతి దళం ఎంత దూరం వచ్చిందో తెలియకుండానే, తమ గురిని ముందు గీతకు మార్చుకుంటూ పోయాయి. అవతల ముళ్లతీగ చాలా చోట్ల తెగనే లేదు. గుండ్ల వాన ముందుకు జరగగానే లోతైన నేలమాళిగల్లో దాక్కున్న జర్మన్లు మెషీన్‌గన్‌లతో పైకి వచ్చారు. ముందు ఆగిపోయినవారు వెనకనున్న ఫిరంగులతో చెప్పుకుందామంటే తీగలు తెగిపోయి ఉన్నాయి. ఒక్కరోజులో బ్రిటిష్ సైన్యంలో చచ్చినవారు 19 వేల పైచిలుకు, గాయపడినవారితో కలిపి 57 వేల పైచిలుకు. "గడియారం ఉంది, కబురు లేదు," అని ఆ పేజీ అడుగున ఉంది.

కబురు దగ్గరికి వచ్చాక ఆయన నా షార్ బి1 ట్యాంకును ముందుకు లాగారు. అది ఎంత గట్టిదో ఆయన ఒప్పుకున్నారు; 1940 మే 16న స్టోన్ అనే గ్రామంలో ఆ రకం ట్యాంకు ఒక్కటే 140 దెబ్బలు తిని, ఒక్కటి కూడా కవచం లోపలికి దూరకుండా, పదమూడు జర్మన్ ట్యాంకులను ధ్వంసం చేసింది. నేను ఎగిరి గంతేశాను. అప్పుడాయన, "దాని తల మీది గదిలో ఎంతమంది కూర్చుంటారు?" అని అడిగారు. నా పుస్తకంలోనే ఉంది: ఒక్కడు. ఆ ఒక్కడే చుట్టూ చూడాలి, గుండు ఎక్కించాలి, గురి పెట్టాలి, పేల్చాలి, డ్రైవరుకు దారి చెప్పాలి. పైగా ఫ్రెంచి ట్యాంకుల్లో చాలా వాటికి రేడియో లేదు. పక్క ట్యాంకుకు సంగతి చెప్పాలంటే జెండా ఊపడమే. పలుచటి కవచంతో ఉన్న జర్మన్ ట్యాంకులు మాత్రం ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ, ఎదురుదెబ్బ తగిలిన చోటును వదిలేసి, సందు దొరికిన చోట అందరూ కలిసి దూరాయి. వాటిని నడిపించిన గుడేరియన్ మొదటి యుద్ధంలో సిగ్నల్స్ అధికారిగా పనిచేసినవాడు. ఫ్రెంచి సర్వసేనాని గామెలాఁ కొలువుదీరిన వాన్సెన్ కోటలో రేడియో లేదు. నా రెండు పేజీల బొమ్మలో రేడియో కడ్డీని గీయాలన్న ఆలోచనే నాకు రాలేదని అప్పుడు గమనించి, చాలా చిన్నబోయాను.

ఆ వేసవి రాతలన్నిటిలో నాకు ఇష్టమైన పేజీ వేరే ఉంది. అది పెట్రోలు డబ్బా. ఎడారి యుద్ధంలో బ్రిటిష్ సైన్యానికి పెట్రోలు నాలుగు గ్యాలన్ల పలుచటి రేకు డబ్బాల్లో వచ్చేది. లారీలో రాళ్ల దారిన కుదుపులకు అతుకులు విచ్చుకుని, దారిపొడుగునా కారిపోయేవి. ఖాళీ అయిన డబ్బాను అడ్డంగా కోసి, ఇసుక పోసి, పెట్రోలు చల్లి, దాని మీద టీ కాచుకునేవారట. అందుకు తప్ప ఎందుకూ పనికిరాని డబ్బా అని ఆయన ఆరోపణ. జర్మన్ల డబ్బా వేరు. రెండు నొక్కు రేకులను కలిపి అతికిన ఇరవై లీటర్ల డబ్బా, మీటతో బిగిసే మూత, పైన ఒకటి కాదు మూడు పిడులు. నిండు డబ్బాను ఒకడే మధ్య పిడితో మోయవచ్చు, లేదా ఇద్దరు చెరొక పక్క పిడి పట్టుకోవచ్చు, ఖాళీవైతే ఒకే మనిషి ఒక్కొక్క చేతికి రెండేసి పట్టుకుపోవచ్చు. లోపల పైభాగాన గాలి నిలిచే చోటు ఉండడం వల్ల వేడికి పెట్రోలు ఉబ్బినా డబ్బా పగలదు, నిండుగా ఉన్నా నీళ్లలో మునగదు. శత్రువు వదిలి వెళ్లిన మకాం చేతికి దొరికితే తుపాకుల కంటే ముందు ఈ డబ్బాల కోసమే ఎగబడేవారట. చివరికి మిత్రరాజ్యాలు సిగ్గు విడిచి దాన్ని ఉన్నదున్నట్టు తయారుచేసుకున్నాయి. జర్మన్లను ఆంగ్ల సిపాయిలు జెర్రీలని పిలిచేవారు కాబట్టి దానికి జెర్రీక్యాన్ అన్న పేరు స్థిరపడింది. పెట్రోలు కారిపోయిన ట్యాంకు ఇనుప పెట్టెతో సమానమని చెప్పడానికి ఆయనకు ఇంకో ఉదాహరణ అక్కర్లేకపోయింది.

గుండు ముక్కులో ఇమిడే బుల్లి రేడియో సంగతి కూడా ఉంది గానీ, దాన్ని ఆయన స్వయంగా చూడలేదు కాబట్టి పొడిపొడిగా చెప్పారు. విమానం మీద పేల్చే గుండు ఎన్ని క్షణాలకు పగలాలో ముందే అంచనా వేసి తిప్పి పెట్టడం పాత పద్ధతి. 1943 నుంచి అమెరికా నౌకలు వాడిన ఫ్యూజు, తానే రేడియో తరంగాలు పంపి, లక్ష్యం దగ్గరపడగానే పేలేది. ఫిరంగి నుంచి వెలువడే క్షణాన భూమ్యాకర్షణకు ఇరవై వేల రెట్ల తాకిడిని తట్టుకునే గాజు వాల్వులను తయారుచేయడమే అందులోని కష్టమంతా. మరుసటి ఏడాది ఇంగ్లండు తీరంలో జర్మనీ ఎగిరే బాంబులను కూల్చడంలో దాని పాత్ర చాలా పెద్దది.

అణుబాంబును ఎక్కడ రాయాలని నేను అడిగాను. "అది ముందు వైపే రాసుకో," అన్నారు. వెనక వైపు దానికి సంబంధించిన చిన్న వస్తువేదీ లేదా అని గుచ్చి అడిగితే, లేచి వెళ్లిపోయారు. హిరోషిమా, నాగసాకి అన్న రెండు పేర్లూ వాటి తేదీలూ తప్ప ఆ పేజీలో ఈనాటికీ ఏమీ లేవు.

తర్వాత నేను చదువుల్లో పడ్డాను. లెక్కల పాఠాలు చెప్పుకుని బతికాను. యుద్ధాల వార్తలు వచ్చినప్పుడు మాత్రం ఉత్తరాల్లో ఒకటి రెండు పేజీలు నోటుబుక్కుకు చేరుతూ ఉండేవి. 1973 అక్టోబరులో సూయజ్ కాలువ దాటిన ఈజిప్టు పదాతి సైనికులు పెట్టెలో మోసుకొచ్చిన క్షిపణులతో ఇజ్రాయెల్ ట్యాంకులను చీల్చారని చదివి, ఆయన ఎంతో ఉత్సాహంగా రాశారు. ఆ క్షిపణి వెనక సన్నటి తీగ విప్పుకుంటూ పోతుంది. మూడు కిలోమీటర్ల దాకా, కూర్చున్నవాడు చిన్న కర్రను తిప్పుతూ ఆ తీగ ద్వారా దాన్ని నడిపిస్తాడు. రష్యన్‌లో దాని పేరు మాల్యుట్కా, అంటే పసికూన. పిట్ట కొంచెం కూత ఘనం అన్న సామెతను ఆయన ఉత్తరంలో రెండుసార్లు వాడారు. ట్యాంకుల పని అయిపోయిందని ఆనాడు చాలామంది తేల్చేశారు. క్షిపణి వైపు కాక దాన్ని నడిపేవాడి వైపు కాల్పులు జరిపితే అతని చెయ్యి వణుకుతుందని ట్యాంకుల వాళ్లు కొద్ది రోజుల్లోనే కనిపెట్టారు.

1991 జనవరిలో గల్ఫ్ యుద్ధం టీవీలోకి వచ్చినప్పుడు మేమిద్దరం ఒకే గదిలో ఉన్నాం. ఆయనకు డెబ్భై దాటాయి. బాంబు ముక్కున ఉన్న కెమెరా చూపే నలుపు తెలుపు బొమ్మలో ఒక భవనం పైకప్పు దగ్గరికొచ్చి, దగ్గరికొచ్చి, తెర మొత్తం తెల్లబడేది. నేను పదకొండేళ్ల పిల్లవాడిలా నోరు తెరుచుకుని చూశాను. వియత్నాంలో తాన్ హోవా వంతెనను 1965 నుంచి వందల సార్లు విమానాలు పంపినా కూల్చలేక, 1972 మేలో లేజరు కాంతిని వెంబడించే బాంబులతో ఒక్కరోజులో కూల్చిన సంగతిని నేను ఆయనకు ఉత్సాహంగా వివరిస్తుంటే, "మిగతా బాంబులు ఎలా పడుతున్నాయో చూపించరేం?" అని అడిగారు. ఆ యుద్ధంలో వేసిన బాంబుల్లో గురి చూసుకుని పోయేవి పదింట ఒక వంతు కూడా లేవని తర్వాత లెక్కలు వచ్చాయి. తక్కినవన్నీ ఆయన కాలంలో పడినట్టే పడ్డాయి. మా ఇద్దరికీ ఆశ్చర్యం కలిగించినవి నిజానికి ఆ బాంబులు కావు. గుర్తులేవీ లేని ఎడారిలో వేల వాహనాలు దారి తప్పకుండా ఇరాకీ సేనల పక్కగా చుట్టి రావడానికి తోడ్పడిన, ఉపగ్రహాల సంకేతాలు అందుకునే చేతిపెట్టెలు. ఎడారిలో దారి తప్పడమంటే ఏమిటో తెలిసిన మనిషి ఆయన. ఆ పెట్టె బొమ్మను పత్రికలో నుంచి కత్తిరించి స్వయంగా అంటించారు. వెనక వైపు ఆయన చేత్తో అంటించిన బొమ్మ అదొక్కటే.

మరుసటి ఏడాది దహ్రాన్ ప్రమాదం మీద విచారణ వివరాలు బయటికి వచ్చాయి. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని ఆ ఊళ్లో సైనికుల బస మీద ఇరాకీ స్కడ్ క్షిపణి పడి 28 మంది అమెరికన్ సైనికులు మరణించారు. దాన్ని అడ్డుకోవలసిన పేట్రియాట్ వ్యవస్థ అక్కడే ఉండీ ఒక్క క్షిపణిని కూడా వదలలేదు. కారణం గడియారం. ఆ యంత్రం కాలాన్ని సెకనులో పదో వంతుల చొప్పున లెక్కపెట్టేది. పదో వంతు మనకు దశాంశాల్లో చక్కగా తేలుతుంది; సున్నాలూ ఒకట్లూ మాత్రమే తెలిసిన కంప్యూటరుకు అది ఎంత రాసినా తెగని భిన్నం. 24 స్థానాల దగ్గర తెంచేసి మిగిలింది వదిలేశారు. ఆ వదిలేసింది కంటికి ఆననంత చిన్నది. కానీ యంత్రాన్ని ఆపకుండా వంద గంటలు నడిపేసరికి అది 0.34 సెకన్లకు పెరిగింది, అంతలో స్కడ్ అర కిలోమీటరుకు పైగా పోతుంది. యంత్రం వెతికిన చోట ఆకాశం ఖాళీగా ఉంది. సరిచేసిన ప్రోగ్రాము మరునాడు చేరింది.

ఇది నేను లెక్కల మాస్టారుగా ఆయనకు బోర్డు మీద చెప్పినట్టు చెప్పాను. జీవితంలో నేను ఆయనకు నేర్పినది బహుశా ఇదొక్కటే. ఆయన మాత్రం సగంలోనే పట్టేశారు. "గొట్టం అరుగుదల లెక్కే ఇది. ఒక్క గుండుకు తెలియదు, వెయ్యి గుండ్లకు తెలుస్తుంది. మేం రోజూ సరిచేసుకునేవాళ్లం," అన్నారు. కాసేపాగి, "వాచీ కలుపుకోలేదన్నమాట," అన్నారు. నేను ఆ మాటనే శీర్షికగా పెట్టాను.

ఆయన పోయి ముప్ఫై ఏళ్లు దాటాయి. ముందు వైపు నేను ఏనాడో గీయడం మానేశాను. వెనక వైపు మాత్రం ఎప్పుడైనా ఒక పేజీ పెరుగుతుంది. 2020లో ఆర్మేనియా, అజర్‌బైజాన్ కొట్లాడుకున్న నగోర్నో కరబాఖ్‌లో నలభై నాలుగు రోజుల్లో డ్రోన్లు చేసిన పని చూశాక ఒకటి రాశాను. యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక నాలుగు రాశాను. అక్కడ కొన్ని వందల డాలర్ల బొమ్మ విమానం లాంటిది, నడిపేవాడి కళ్లజోడులో దృశ్యం చూపిస్తూ పోయి, కోట్ల ఖరీదు చేసే ట్యాంకు మూత లోంచి దూరుతోంది. ట్యాంకుల మీద ఇనుప పంజరాలు లేచాయి, రోడ్ల పొడవునా పైన చేపల వలలు కట్టారు. పగటిపూట పది మంది ఒకచోట గుమిగూడితే ఆకాశంలోని కన్ను పసిగడుతుంది కాబట్టి, సైనికులు ఇద్దరు ముగ్గురుగా కందకాల్లోనూ నేలమాళిగల్లోనూ రోజుల తరబడి నక్కి ఉంటున్నారు. నూరేళ్ల కిందట గుండ్లు మనిషిని నేలలోకి దింపాయి, ఇప్పుడు చూపు దింపింది. డ్రోనుకు ప్రాణమైన రేడియో సంకేతాన్ని అవతలివారు జామ్ చేయడం మొదలుపెట్టాక, 2024 నుంచి డ్రోను కింద ఒక చుట్ట కనిపించసాగింది. వెంట్రుక అంత సన్నటి గాజు దారం పది, ఇరవై కిలోమీటర్లది. ఎగురుతూ దాన్ని వెనక విప్పుకుంటూ పోతుంది. దారంలో పోయే కబురును ఎవరూ జామ్ చేయలేరు. పోరాటం సాగిన పొలాల మీద ఆ దారాలు వేలకొద్దీ పడి, ఉదయపు ఎండలో సాలెగూళ్లలా మెరుస్తున్న ఫోటో ఒకటి చూశాను.

గాజు దారానికి కొత్త పేజీ అవసరమా, పాత "తీగ" పేజీల కిందే రాయాలా అని ఆలోచించి, చివరికి పాతదాని కిందే ఖాళీ ఉంటే అక్కడ ఇరికించాను. పైన చిన్నప్పటి నా గుండ్రటి అక్షరాల్లో, చీకట్లో తీగను అరచేతిలో జారనిస్తూ పరుగెత్తే జవాను ఉన్నాడు. దారం తెగితే ఏం చేస్తారన్నదే ఆయన నన్ను మొదట అడిగే ప్రశ్న కాబట్టి, జవాబు కూడా రాశాను. దీని కోసం ఎవరూ వెళ్లరు. డ్రోను ఎక్కడిదక్కడే పడిపోతుంది. కొత్త చుట్ట తగిలించి ఇంకొకటి ఎగరేస్తారు.